గుండెకు ‘చాంచల్యం’ ఉండాలంటే అమ్మ ఒప్పుకోవడం లేదు

గ్రూపులో అందరికీ నమస్కారం. ఒక మాట దగ్గర ఆగిపోయాను. ఆరోగ్య శిబిరంలో పంచే కరపత్రానికి తెలుగు రాస్తున్నాను. అందులో ‘హార్ట్ రేట్ వేరియబిలిటీ’ ఉంది. ‘హృదయ స్పందన చాంచల్యం’ అని పెట్టి, ‘గుండె జబ్బు ఉన్నవారిలో ఇది తగ్గుతుంది’ అని రాసి అమ్మకు చదివి వినిపించాను. “తగ్గితే మంచిదేగా, నిలకడగా ఉన్నట్టేగా?” అంది. ఆవిడ తప్పేం లేదు. చంచలం అన్న మాటను మనం ఎవరినీ మెచ్చుకోవడానికి వాడం.

విషయం ఏమిటంటే, నిమిషానికి 75 సార్లు కొట్టుకునే గుండె సరిగ్గా 800 మిల్లీసెకన్లకోసారి కొట్టుకోదు. ఒక ఎడం 770 ఉంటే తర్వాతది 830. ఊపిరి పీలిస్తే కాస్త త్వరపడుతుంది, వదిలితే నెమ్మదిస్తుంది. మెదడు నుంచి వచ్చి గుండె వేగాన్ని అదుపు చేసే వేగస్ నాడి పట్టు బిగించడం, సడలించడం వల్ల వచ్చే తేడా ఇది. గుండెపోటు నుంచి బయటపడ్డ 808 మందిపై 1987లో ఒక అధ్యయనం వచ్చింది. 24 గంటల ఈసీజీలో ఈ తేడా 50 మిల్లీసెకన్లలోపు ఉన్నవారికి, 100 దాటినవారి కంటే చనిపోయే ముప్పు 5.3 రెట్లు ఉంది. ఇంత మంచి గుణాన్ని ‘అస్థిరత’, ‘ఒడుదొడుకులు’ అంటే జబ్బులా వినిపిస్తోంది. ‘వైవిధ్యం’ అంటే చీరల షాపు ప్రకటన. ఏమనాలి?

— అమ్మాయీ, నాడి చూసే వైద్యులకు ‘గతి’ అనే మాట ఉంది. వాతానికి పాము, జలగ నడక. పిత్తానికి కాకి, కప్ప. కఫానికి హంస, పావురం. ‘నాడీ గతి భేదం’ అని చూడు.

— మాస్టారూ, హంస నడక బాగుంది. కానీ ‘గతి’ అనగానే జనానికి ‘ఏ గతి పట్టిందో’ గుర్తొస్తుంది. పైగా నాడి అంటే పల్సూ నాడే, నర్వూ నాడే. పక్క వాక్యంలోనే వేగస్ నాడి ఉంది, చదివేవాళ్లు తికమకపడతారు.

— అక్కా, మీరే రాశారుగా, ‘ఒక ఎడం 770’ అని! వరి నాట్లలో మొక్కకూ మొక్కకూ మధ్య ఎడం అంటాం. ‘గుండె ఎడం తేడా’ అనేయండి.

— అది చూస్తే గుండెకు ఎడం పక్క ఏదో తేడా చేసింది అనుకుంటారు తమ్ముడూ. నొప్పి వస్తే అందరూ పట్టుకునేది ఆ పక్కే.

— బహువచనం చేస్తే ఆ చిక్కు పోతుందిగా. ‘ఎడాల తేడా’.

— నేను టీఎంటీ గదిలో, అంటే ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ ఈసీజీ తీసే చోట, పని చేస్తాను. మాట సంగతి మీరు తేల్చండి, ‘జబ్బు ఉన్నవారిలో తగ్గుతుంది’ అన్న వాక్యాన్ని మాత్రం అలా వదలకండి మేడం. ట్రెడ్‌మిల్ మీద బ్రూస్ పద్ధతిలో 3 నిమిషాలకోసారి వేగం, ఏటవాలు పెంచుతాం. అప్పుడు వేగస్ పట్టు వదులుతుంది, ఎడాల తేడా మంచి గుండెకైనా తగ్గుతుంది. గుండె నిమిషానికి 150 సార్లు కొట్టుకునే దగ్గర ఎడమే 400 మిల్లీసెకన్లు, దాంట్లో తేడా బాగా సన్నం. పరుగులో చేయి ఊగుతుంటే చేతి వాచీ దాన్ని సరిగ్గా పట్టలేదు, ఛాతీ మీద ఈసీజీ కావాలి. అందుకే గుండె ఏ వేగం దగ్గర ఎంత తగ్గింది, ఆగాక ఎలా తిరిగి వచ్చింది అన్నది చూడాలి. ఈసీజీ గీతలో ఎస్‌టీ అనే భాగం (గుండెకు రక్తం చాలకపోతే కిందికి దిగేది) కుంగిందా లేదా అన్నదొక్కటే చూస్తే కొందరి జబ్బు దొరకదు, కొందరికి లేని జబ్బు ఉన్నట్టు కనిపిస్తుంది. ఆ లోటు తీరుతుందేమోనని పరిశోధకులు ఈ తేడానూ దానికి జత చేసి చూస్తున్నారు. ఇదొక్కటే చూసి జబ్బు తేల్చరు.

ఇంకోటి. గుండె పై గదులు అదురుతూ లయ తప్పే ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో ఎడాలు చిందరవందరగా ఉంటాయి, లెక్క వేస్తే తేడా బోలెడు వస్తుంది. అది జబ్బే. కాబట్టి ఎక్కువైతే మంచిది అని కూడా రాయకండి.

— అలాగైతే మంచీ చెడూ రెండూ అంటని మాటే కావాలి. అమ్మాయీ, నా ‘గతి’ వెనక్కి తీసుకుంటున్నా.

అందరికీ థాంక్స్. ఇలా మార్చాను: ‘గుండె కొట్టుకునే ఎడాల్లో తేడా ఉండటం సహజం. వ్యాయామంలో అది తగ్గడమూ సహజమే. తగ్గిన తీరును, ఆగాక మళ్లీ పెరిగిన తీరును మిగతా ఈసీజీతో కలిపి చూస్తే జబ్బు జాడ తెలిసే అవకాశం ఉంది.’ అమ్మ విని, పక్కనే ఉన్న మా పన్నెండేళ్ల వాడి మణికట్టు పట్టుకుంది. గట్టిగా ఊపిరి పీల్చమంది, వదలమంది. పిల్లల్లో ఈ తేడా బాగా తెలుస్తుందట. కాసేపు చూసి, “వీడిది గంతులేస్తోందే” అంది. మాస్టారూ, ‘గంతుల తేడా’ అంటే ఒప్పుకుంటారా?