మోచేతి కట్టు తీశాక పాప చెయ్యి చాచడం లేదు, ఎలా అలవాటు చేయాలి?

మా పాపకి ఆరేళ్లు. ఆడుకుంటూ చెయ్యి ఆనించి పడింది, మోచేతికి కాస్త పైన ఎముక విరిగింది. సుప్రాకాండైలర్ ఫ్రాక్చర్ అన్నారు. చిన్నపిల్లల్లో మోచేతి దగ్గర ఎక్కువగా విరిగేది ఇదేనట. ఎముక పక్కకి జరగడంతో మత్తిచ్చి సరిచేసి, సన్నటి తీగలు గుచ్చి కట్టు వేశారు.

కట్టు ఉన్నన్నాళ్లూ చెయ్యి దిండు మీద ఎత్తి పెట్టేవాళ్లం. వేళ్లు పాలిపోయినా, తిమ్మిరెక్కినా, మందు వేసినా నొప్పి పెరుగుతున్నా వెంటనే తీసుకురమ్మన్నారు. బొటనవేలు, చూపుడువేలు కొసలు కలిపి సున్నా చుట్టించమన్నారు, నరం పనిచేస్తోందో లేదో దానితో తెలుస్తుందట. అది ప్రతిసారీ బాగానే చుట్టేది, ఆ ఒక్కటే ధైర్యం.

4 వారాలకి తీగలు, కట్టు తీసేశారు. ఎముక అతుక్కుంది. కానీ అసలు టెన్షన్ ఇప్పుడే మొదలైంది. చెయ్యి సగమే చాస్తోంది. గౌను తొడగబోతే చాలు, భుజం బిగపట్టి చేతిని పొట్టకి అదిమేసుకుంటోంది.

ఇంట్లో పెద్దవాళ్లు నూనె రాసి మర్దన చేసి లాగమంటున్నారు. డాక్టరుగారు మాత్రం మర్దన వద్దు, బలవంతంగా లాగొద్దు, తనంతట తాను వాడుతుంటే కొన్ని నెలల్లో వస్తుంది అన్నారు. నాకూ అదే సబబనిపిస్తోంది, కానీ దాని భయం చూస్తే చేతులు కట్టుకుని కూర్చోలేకపోతున్నాను.

మీ పిల్లలకి ఇలా జరిగి ఉంటే చెప్పండి. ఏ ఆటలతో చెయ్యి వాడటం మొదలుపెట్టారు? పూర్తిగా చాచడానికి ఎన్నాళ్లు పట్టింది? ఫిజియోథెరపీ అవసరమైందా? పెద్దవాళ్లని ఎలా ఒప్పించారో కూడా దయచేసి రాయండి.