మోడల్ దొరకని పార్టుకి సొంత కాంపోనెంట్ రాసుకోవాలా, రెసిస్టర్‌తో సరిపెట్టాలా?

నోడ్‌జీరో:
ఎల్‌టీస్పైస్‌లో (సర్క్యూట్‌ని కంప్యూటర్‌లో నడిపి చూసే సాఫ్ట్‌వేర్) ఒక కంట్రోల్ బోర్డు సిమ్యులేట్ చేస్తున్నాను. అందులో 12 వోల్టుల రిలేకి (కాయిల్‌లో కరెంట్‌తో పనిచేసే స్విచ్) మోడల్, అంటే అది ఎలా పనిచేస్తుందో చెప్పే ఫైల్, ఎక్కడా దొరకలేదు. మా సీనియర్ అయితే "కాయిల్ బదులు 400 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టెయ్, మోడళ్లు రాస్తూ కూర్చుంటే బోర్డు ఎప్పటికి అవుతుంది" అన్నారు. నాకు మాత్రం సొంతంగా రాయాలని ఉంది. ఇది టైమ్ వేస్టా?

పాతసోల్డర్:
మీ సీనియర్ చెప్పిందే నా మాట కూడా. డేటాషీట్‌లోని నాలుగు అంకెలు ఎక్కించి, వచ్చిన గ్రాఫ్‌ని గుడ్డిగా నమ్మేవాళ్లను చాలామందిని చూశాను. నేనూ దెబ్బతిన్నాను. ఒక డ్యూయల్ ఆప్‌ఆంప్‌కి (రెండు యాంప్లిఫయర్లున్న ఐసీ) సింబల్ గీసి, ఐసీ మీద ఉన్నట్టే పిన్నులకు నంబర్లు ఇచ్చాను: 1 అవుట్‌పుట్, 2 ఇన్వర్టింగ్, 3 నాన్‌ఇన్వర్టింగ్. మోడల్ ఫైల్‌లోనేమో మొదట నాన్‌ఇన్వర్టింగ్, తర్వాత ఇన్వర్టింగ్, ఆపైన రెండు సప్లైలు, చివర్న అవుట్‌పుట్. స్పైస్ (ఎల్‌టీస్పైస్‌ని నడిపే ఇంజిన్) పిన్నుల పేర్లు చూడదు, వరస మాత్రమే చూస్తుంది. ఎర్రర్ రాలేదు, గ్రాఫ్ వచ్చింది. అది తప్పని తెలియడానికి రెండు రోజులు పట్టింది. కంపెనీ మోడల్ ఉంటే వాడండి, లేకపోతే బ్రెడ్‌బోర్డు మీద కొలవండి.

అలలు:
సోల్డర్ గారూ, పిన్నుల వరస సరిచూసుకోవాలన్నది నిజం. అది సొంత మోడల్ మానేయడానికి కారణం కాదు. కంపెనీ ఫైల్‌కి సింబల్ తగిలించినా అదే తప్పు జరుగుతుంది.

నోడ్‌జీరో గారూ, రిలేని రెసిస్టర్ చేస్తే మీ బోర్డులో అసలు చూడాల్సిందే మాయమవుతుంది. కరెంట్ ఆపగానే కాయిల్ ఎదురు తిరిగి పెద్ద వోల్టేజ్ (కిక్) పుట్టిస్తుంది, రెసిస్టర్ పుట్టించదు. దానికి రాయాల్సిన సబ్‌సర్క్యూట్ (కొన్ని పార్టులు కలిపి చేసిన మోడల్) చాలా చిన్నది: 400 ఓమ్‌ల రెసిస్టర్, కొలిచి తెచ్చిన ఇండక్టెన్స్, కరెంట్ చూడటానికి సిరీస్‌లో సున్నా వోల్టుల సోర్స్, ఆ కరెంట్‌ని బట్టి పనిచేసే స్విచ్. 12 వోల్టులకి కాయిల్ కరెంట్ 30 మిల్లీఆంప్‌లు. 75 శాతం దగ్గర పట్టుకుని, 10 శాతం దగ్గర వదిలే రిలే అనుకుంటే ఆ రెండు హద్దులు 22.5, 3 మిల్లీఆంప్‌లు. స్విచ్ మోడల్‌లో ట్రిప్ కరెంట్ (మధ్య విలువ) 12.75, హిస్టెరిసిస్ (దానికి పైకీ కిందికీ ఉండే దూరం) 9.75 ఇస్తే సరిగ్గా ఆ రెండూ వస్తాయి.

ఇప్పుడు దీంతో ఏం తెలుస్తుందో చూడండి. ఇండక్టెన్స్ 0.5 హెన్రీ అయితే, కాయిల్‌కి అడ్డంగా మామూలు డయోడ్ పెట్టినప్పుడు కరెంట్ 3 మిల్లీఆంప్‌లకు దిగడానికి దాదాపు 2.4 మిల్లీసెకన్లు. డయోడ్‌తో సిరీస్‌లో 24 వోల్టుల జెనర్ (ఒక స్థిర వోల్టేజ్ దగ్గర నిలిపే డయోడ్) పెడితే 0.44 మిల్లీసెకన్లు. కానీ రిలేని నడిపే ట్రాన్సిస్టర్ కలెక్టర్ దగ్గర వోల్టేజ్ 37 దాకా ఎగుస్తుంది. ట్రాన్సిస్టర్ బీసీ547 అయితే హద్దు 45 వోల్టులు కాబట్టి తట్టుకుంటుంది. అదే బీసీ548 పెట్టారా, దాని హద్దు 30 మాత్రమే. రెసిస్టర్ పెట్టి ఉంటే ఈ తేడా మీకు కనిపించేదే కాదు.

పాతసోల్డర్:
లెక్క బాగుంది, కాదనను. కానీ ఆ 2.4 మిల్లీసెకన్లు కాంటాక్ట్ విడిపోయే టైమ్ కాదు. ఆర్మేచర్ (కాయిల్ లాగే ఇనుప ముక్క) కదలాలి, స్ప్రింగ్ లాగాలి. అది కదిలితే ఇండక్టెన్స్ కూడా మారిపోతుంది. మీ మోడల్‌లో అవేవీ లేవు. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఆ అంకెని నేరుగా టైమింగ్‌లో వాడేస్తారు, నా భయం అదే.

అలలు:
ఒప్పుకుంటాను. అందుకే ఫైల్ మొదట్లోనే కామెంట్ రాయాలి: "కాయిల్ కరెంట్, కిక్ వోల్టేజ్ వరకే. కాంటాక్ట్ టైమింగ్‌కి వాడకండి." హద్దు రాసి ఉన్న మోడల్‌తో ప్రమాదం లేదు. కంపెనీ మోడళ్లకూ హద్దులుంటాయి కదా. 1974 నాటి బాయిల్ మాక్రోమోడల్ (ఐసీని తక్కువ పార్టులతో అనుకరించే మోడల్) పద్ధతిలో రాసిన ఆప్‌ఆంప్‌లో లోడ్ కరెంట్ సప్లై పిన్నుల నుంచి కాకుండా గ్రౌండ్ నుంచి వస్తుంది. దాంతో బ్యాటరీ ఎంతసేపు వస్తుందో లెక్కేస్తే తప్పు అంకే చేతికొస్తుంది. ఎన్‌క్రిప్ట్ చేసిన ఫైల్ అయితే లోపల ఏముందో తెరిచి చూసే వీలే లేదు.

గ్రాఫ్‌పేపర్:
నాదొక చిన్న మాట. స్విచ్‌లు, ఇఫ్ షరతులు ఒక్కసారిగా గెంతేలా రాస్తే టైమ్‌స్టెప్ మరీ చిన్నదైపోయిందంటూ సిమ్యులేషన్ ఆగిపోతుంది. బిహేవియరల్ సోర్స్‌లో (ఫార్ములా రాసి నడిపే సోర్స్) ఇఫ్ బదులు టాన్‌హెచ్ ఫంక్షన్‌తో మెత్తగా మార్చండి. ఇంకొకటి, స్పైస్‌లో పెద్ద ఎం రాసినా మిల్లీయే. మెగా కావాలంటే మెగ్ అని రాయాలి.

నోడ్‌జీరో:
నిన్న రాత్రి రాశాను. మొదటిసారి డయోడ్ లేకుండా రన్ చేస్తే కలెక్టర్ వోల్టేజ్ గ్రాఫ్ స్కేల్ దాటి పోయింది. చూడగానే భయమేసింది. మా బోర్డులో ఉన్నది బీసీ548. జెనర్ పెట్టే ఆలోచన మానేసి మామూలు డయోడ్‌తోనే ఉంచాను. సోల్డర్ గారు చెప్పిన ఆర్మేచర్ సంగతి కామెంట్‌లో రాసిపెట్టాను. రేపు అసలు రిలేకి స్కోప్ తగిలించి కాయిల్ కరెంట్ కొలుస్తాను, రెండు గ్రాఫులూ ఇక్కడే పెడతాను.