అప్‌డేట్: పు-అర్ టీ బిళ్ల చేపల వాసన, ధర సంగతి తేలింది

రెండు నెలల క్రితం అడిగాను, ఆన్‌లైన్‌లో కొన్న 357 గ్రాముల షూ పు-అర్ (పులియబెట్టి బిళ్లగా నొక్కిన చైనా టీ) బిళ్ల చేపల వాసన వస్తోంది, ఇది నకిలీదా, దీనికి నాలుగింతల ధర ఉన్న ‘ప్రాచీన వృక్షాల’ ఆకు బిళ్ల కొనాల్సిందా అని. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

నకిలీ కాదు. షూ పు-అర్‌ను తడి ఆకుల కుప్పలుగా పోసి పులియబెడతారు, 1970లలో చైనాలోని యునాన్‌లో రూపుదిద్దుకున్న పద్ధతి ఇది, కొత్త బిళ్లలో ఆ కుప్ప వాసన కొన్నాళ్లు ఉంటుందట. ఒకరు చెప్పినట్టు బిళ్ల విడగొట్టి మట్టి కూజాలో మూడు వారాలు గాలి తగలనిచ్చాను, దాదాపు పోయింది. బూజు వాసన మాత్రం వేరు, తెల్లటి నూగు కనిపిస్తే తాగొద్దు.

అసలు కళ్లు తెరిపించింది శాంపిల్ సలహా. ఖరీదైన దాన్ని 25 గ్రాములే తెప్పించి, రెండూ 5 గ్రాముల చొప్పున, అవే నీళ్లు, అదే సమయం పెట్టి పక్కపక్కనే కాచాను. అదే ఆకును మళ్లీ మళ్లీ కాస్తూ పోతే ఖరీదైనది నాలుగో కాపుకే చప్పబడింది, తడి ఆకు విప్పి చూస్తే అంతా పొడిపొడి ముక్కలే, నాది ఎనిమిదో కాపు దాకా తియ్యగా నిలబడింది! ఇంత తేడా ఉంటుందని నిజంగా అనుకోలేదు.

నీళ్లు మార్చడం వల్ల వాసన ఏమీ తగ్గలేదు. రేపర్ మీది సంవత్సరం, చెట్టు వయసు కూడా నాకు పనికిరాలేదు, అవి ఎవరైనా అచ్చు వేయొచ్చు. ఇప్పుడు గ్రాము ధర లెక్కేసి, శాంపిల్ ఇచ్చే షాపులోనే కొంటున్నాను.