సమస్య: "అల్లము విరిచెఁ బాలనే యుల్ల మలర"

నిర్వాహకుడు:

ఈ వారం ఇచ్చిన సమస్య, అంటే పై మూడు పాదాలు మీరు వ్రాసి అర్థం కుదర్చవలసిన పాదం, తేటగీతి అనే ఛందస్సులోని చివరి పాదం. పాలు విరిగితే వంటింట్లో ముఖాలు చిన్నబోవడమే మనం ఎరిగిన సంగతి గనుక, అల్లం పాలను విరిచి మనసును అలరించిందనడమే ఇక్కడి చిక్కు. ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్ళీ రెండు సూర్యగణాలు అన్న లెక్క అందరికీ తెలిసినదే. అయితే ఈ పాదంలో ఉన్నది అక్షరయతి (పాదం మొదటి అక్షరానికి యతిస్థానంలోని అక్షరం సరిపడడం) కాదు, "అల్ల – యుల్ల" అనే ప్రాసయతి (వాటికి బదులు వాటి పక్కనున్న రెండవ అక్షరాలు కలవడం) అని కొత్తవారు గమనించాలి. సంధి కోసం మొదటి అక్షరాన్ని "నల్లము" అనో "యల్లము" అనో మార్చుకున్నా ఆ ప్రాసయతికి భంగం రాదు.

సమస్య నా పొయ్యి మీదనే పుట్టింది. మొన్న వాన పడుతున్న సాయంత్రం తొందరపడి పాలు, నీళ్ళు, టీపొడి, దంచిన పచ్చి అల్లం అన్నీ ఒకేసారి గిన్నెలో వేసి సన్నని సెగ మీద పెట్టాను. పొంగు రాకముందే పాలు గడ్డలుగా తేలాయి. టీ పారబోశాను గాని పాదం మిగిలింది.

నల్లేరు:

చీన దేశాన నొకచోటఁ జిన్నిగిన్నెఁ
గొంత రసముంచి వెచ్చగాఁ గ్రోలు పాలు
పోయ జున్నగు నిమిషాల బుద్ధి నరయ
నల్లము విరిచెఁ బాలనే యుల్ల మలర.

చైనాలోని గ్వాంగ్‌డాంగ్ ప్రాంతంలో, ముఖ్యంగా షావాన్ అనే ఊరి పేరు మీద, ప్రసిద్ధమైన పాలజున్ను ఒకటి ఉంది. ముదురు అల్లం రసం గిన్నెలో పోసి, చక్కెర కలిపి కాచిన పాలను కొంత చల్లారనిచ్చి, సుమారు 70 డిగ్రీల వేడి ఉండగా దాని మీద ఒక్క ఉదుటున పోసి, కదపకుండా వదిలేస్తే, కొద్ది నిమిషాలలో చెంచా నిలిచేటంతగా తోడుకుంటుంది. తోడు వేయనక్కరలేదు, జున్నుపాలు అక్కరలేదు.

నిర్వాహకుడు:

నల్లేరు గారూ, సమస్యలోని విరోధాన్ని మాటల విరుపుతో కాక వాస్తవంతోనే తీర్చారు, అందుకు అభినందనలు. "బుద్ధి నరయ" మాత్రం గణాలు నింపడానికి వచ్చినట్టే ఉంది. యతిస్థానంలో "పు, పొ, బొ"లతో మొదలయ్యే మాట మరొకటి వెదికితే అక్కడ ఆ జున్ను రుచిని చెప్పవచ్చును. అల్లం అనే మాట ఎత్తకుండా "రసము" అని ఊరుకొని చివరి పాదం దాకా దాచిన తీరు నాకు బాగా నచ్చింది.

పాతపంచాంగం:

ఘాటు తేనీటి కేదిచ్చు? ఖండపరశు
విల్లు నేమిచేసెను రాముఁ డెల్ల రెఱుఁగ?
పాప యేవానిఁ గోరు? టీ పంచుటెట్లు?
అల్లము విరిచెఁ బాలనే యుల్ల మలర.

నిర్వాహకుడు:

క్రమాలంకారం సమస్యాపూరణంలో పాత దారే అయినా, నడవడం తెలిసినవారు నడిస్తే ఎప్పుడూ బాగుంటుంది. నాలుగు ప్రశ్నలకు చివరి పాదంలోని మాటలే నాలుగు జవాబులుగా వరుసగా కుదిరాయి. రెండవ పాదంలో "విల్లు – డెల్ల" అని మీరు కూడా ప్రాసయతినే వాడడం, ఇచ్చిన పాదానికి జత కుదిర్చినట్టుంది. ఒక్క మాట: మొదట "తేనీరు" అని, మూడవ పాదంలో "టీ" అని అనడం కొంత కలగాపులగమైంది. తెలంగాణలో చాయ్ అన్నా, కోస్తాలో టీ అన్నా నాకు అభ్యంతరం లేదు, ఒకే పద్యంలో ఒకే పేరు ఉంటే చాలును.

కంచుగిన్నె:

మరగు నీటను వేయంగ మఱఁది కొరకు
వదినె కడిగిన చేతితో వంటయింట
పక్క కుంచెను దాఁకక పట్టుపట్టి
యల్లము విరిచెఁ బాలనే యుల్ల మలర.

వదిన పాలనే పక్కకు ఉంచింది, విరిచింది అల్లం కొమ్మును మాత్రమే. నా పద్యంలో పాలు విరగలేదని మనవి.

నల్లేరు:

విరుపు చమత్కారంగానే ఉంది గాని, "పాలనే" అన్న మాటను చివరి పాదం నుండి ఎత్తుకొని మూడవ పాదంలోని "ఉంచెను" దగ్గరకు చేర్చాలి గనుక దూరాన్వయం తప్పలేదు. మీరు వివరణ వ్రాయకపోయి ఉంటే నేను మరొక రెండు సార్లు చదివి ఉండేవాడిని.

నిర్వాహకుడు:

ఆ మాట నిజమే, అయినా ఈ పద్యంలోని వదినెకు నేను నమస్కారం చేస్తాను, ఎందుకంటే నాకు తెలియనిది ఆమెకు తెలుసు. పచ్చి అల్లంలో జింజిబైన్ అనే ఎంజైము ఉంటుంది. అది పాలలోని కేసీన్ అనే మాంసకృత్తును తెంచి పాలను గడ్డకట్టిస్తుంది. నల్లేరు గారి జున్నుకూ, నా విరిగిన టీకీ కారణం ఒక్కటే. మరిగే నీటిలో అల్లం ముందుగా ఉడికితే ఆ ఎంజైము శక్తి నశిస్తుంది, ఘాటు మాత్రం నీటిలోకి దిగుతుంది, ఆ తరువాత పాలు పోసినా భయం లేదు. అంటే "మరగు నీటను" అన్న మొదటి మాటలోనే మందు ఉంది. కొలతలు కూడా చెబుతారా?

కంచుగిన్నె:

ఇద్దరికైతే ఒకటిన్నర గ్లాసు నీళ్ళు తెర్లనిచ్చి, అంగుళం అల్లం ముక్కను కచ్చాపచ్చాగా దంచి వేసి, నాలుగైదు నిమిషాలు మరిగించాలి. తరువాత రెండు చెంచాల టీపొడి, నిమిషం ఆగి గ్లాసు కాచిన పాలు, మళ్ళీ ఒక పొంగు. చక్కెర ఎప్పుడైనా వేయవచ్చును గాని, బెల్లమైతే గిన్నె దింపిన తరువాతనే కలపాలి, లేకపోతే అల్లం చేయని పని బెల్లం చేస్తుంది.

తొలకరి:

ఇది నా మొదటి పద్యం, తప్పులుంటే మన్నించగలరు.

జలుబు చేసిన వేళలో తల్లి యిచ్చు
వేడి తేనీరు విరిగిన వెతయు లేదు
గొంతు గరగర మాన్పెడి గుణముతోడ
నల్లము విరిచెఁ బాలనే యుల్ల మలర.

పాతపంచాంగం:

తొలకరి గారూ, మొదటి పాదంలో "జ"కు "త"తో యతి చెల్లదు. "తల్లి" తీసి "జనని" అంటే గణమూ యతీ రెండూ నిలుస్తాయి. మిగిలిన రెండు పాదాలలో "వే – వె", "గొ – గు" చక్కగా కుదిరాయి. భావంలో మాత్రం ఒక లోటు ఉంది: విరిగినా బాధ లేదని ఓదార్చారే గాని, విరగడం వల్ల సంతోషం ఎందుకు కలిగిందో చెప్పలేదు. సమస్య అడిగినది ఆ రెండవదే.

తొలకరి:

"జలుబు చేసిన వేళలో జనని యిచ్చు" అని దిద్దుకొన్నాను. భావంలోని లోటుకు నా దగ్గర జవాబు లేదు. చిన్నప్పుడు మా అమ్మ విరిగిన టీని వడగట్టి ఇస్తే, గిన్నెలో మిగిలిన గడ్డల మీద చక్కెర చల్లుకొని తినడానికి నేనూ మా తమ్ముడూ పోట్లాడుకొనేవాళ్ళం. అది పద్యంలోకి రాలేదు.

నిర్వాహకుడు:

తొలకరి గారూ, మీకు కావలసిన మూడవ పాదం అదే. "గొంతు గరగర" తీసివేసి, ఆ చక్కెర గడ్డలను అక్కడ పెట్టి, రేపటిలోగా మళ్ళీ పంపండి.