అప్‌డేట్: మంచు తుఫానులో ఆగిపోతున్న ఫర్నేస్ - కారణం దొరికింది

తుఫాను మధ్యలో ఇంటిని వేడి చేసే మా గ్యాస్ ఫర్నేస్ అంటుకున్న కాసేపటికే ఆరిపోతోందని ఇక్కడ అడిగాను కదా, ఇప్పుడు బాగానే నడుస్తోంది. ఆ అర్ధరాత్రి కూడా జవాబులిచ్చిన అందరికీ ధన్యవాదాలు.

పనికొచ్చింది "బయట గోడకున్న ప్లాస్టిక్ గొట్టాలు చూడండి" అన్న సలహా. గాలికి కొట్టుకొచ్చిన మంచు అక్కడ నడుమెత్తు పేరుకుంది. తవ్వి చూస్తే గాలి లోపలికి పీల్చుకునే గొట్టం మూతి గట్టి మంచుతో పూర్తిగా పూడిపోయి ఉంది. ఫర్నేస్ ఆపేసి, రెండు గొట్టాలూ (గాలి పీల్చుకునేదీ, పొగ వదిలేదీ) శుభ్రం చేసి మళ్లీ వేస్తే ఇక ఆగలేదు.

రోడ్లు తెరిచాక వచ్చిన టెక్నీషియన్ కూడా అదే అన్నారు. గాలి ఆడకపోతే ప్రెజర్ స్విచ్ మంటను ఆపేస్తుందట. స్విచ్ పాడవలేదు, తన పని తాను చేసింది. ఇంట్లో వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ బ్యాటరీలకూ ఫిల్టర్‌కూ దీంతో సంబంధం లేదు. గొట్టాల మూతులు మామూలుగా మంచు పేరుకునే మట్టానికి కనీసం 12 అంగుళాలు పైన ఉండాలన్నారు. మావి కిందికి ఉన్నాయి, ఎత్తు పెంచి బిగించారు.

ఇదే సమస్యతో వెతుక్కుంటూ వచ్చినవాళ్లకు ఒక్క మాట: దయచేసి ఆ ప్రెజర్ స్విచ్‌ను మాత్రం బైపాస్ చేయకండి, అంటే అది అడ్డుపడకుండా వైర్లు కలిపేయకండి. పొగ బయటికి పోయే గొట్టం మూసుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ అనే ప్రాణాంతకమైన విషవాయువు ఇంట్లోకే వస్తుంది. దానికి రంగూ లేదు, వాసనా లేదు. దాన్ని పసిగట్టే అలారం మోగితే ఎంత చలిగా ఉన్నా ముందు అందరూ బయటికి వచ్చి, ఆ తర్వాతే సహాయం కోసం ఫోన్ చేయండి.