పగిలిన ఆక్రిలిక్ ఫిల్టర్ పెట్టెకు ఏది వాడాలి: సిలికానా, ఇన్‌స్టంట్ గమ్మా, క్లోరోఫామా?

చేపల తొట్టి, అనంతపురం:
తొట్టి వెనుక గాజు అంచుకు తగిలించే ఫిల్టర్ పెట్టెకు అడుగు మూలలో చీలిక వచ్చి, వేలెడు పొడవున పైకి పాకింది. నీరు బొట్లు బొట్లుగా గోడ మీదికి కారుతోంది. అడిగిన ప్రతిచోటా ఒక్కో మాట చెబుతున్నారు. నా మొగ్గు మాత్రం సిలికాన్ వైపే ఉంది. గాజు తొట్టి మొత్తం సిలికాన్ అతుకుల మీదే నిలబడి ఏళ్ల తరబడి అంత నీటిని మోస్తున్నప్పుడు, ఈ చిన్న పెట్టెకు అది చాలదా? పైగా చవక, చేపలకు హాని లేదు. ముందు అది రాసి చూసి, కారడం ఆగకపోతే అప్పుడు మరొకటి ఆలోచించవచ్చు కదా. కాదనేవారు కారణంతో సహా చెప్పాలని కోరుతున్నాను.

ఆక్రిలిక్ బోర్డుల పనివాడు, కడప:
అన్నగారూ, గాజుకు చెల్లినది ఆక్రిలిక్‌కు చెల్లదు. ఈ సిలికాన్ జిగురు, గాజు రెండింటిలోనూ సిలికాన్ అనే మూలకం, ఆక్సిజన్ పరమాణువుల కూర్పు ఉండటం వల్ల అవి రసాయనికంగానే ముడిపడతాయి. ఆక్రిలిక్ గాజులా కనిపించే ప్లాస్టిక్, పూర్తిగా వేరే పదార్థం కాబట్టి దాని మీద సిలికాన్ పైపైనే పట్టుకుంటుంది, కొన్నాళ్లకు అంచు లేచి గోరుతో లాగితే రబ్బరు పట్టీలా మొత్తం ఊడి వస్తుంది. బాత్‌రూమ్ పనులకు అమ్మే రకాల్లో బూజు పట్టకుండా మందు కలుపుతారు, అది చేపలకు విషం కనుక సిలికాన్ అంటేనే హాని లేనిదని కూడా అనుకోకండి.

మేము బోర్డు అక్షరాలు అతికించేది క్లోరోఫామ్‌తో. అది జిగురు కాదు. అది రెండు అంచులనూ పైపొర మేర కరిగిస్తుంది, కరిగిన పొరలు ఒకదానిలో ఒకటి కలుస్తాయి, ద్రావకం ఆవిరైపోయాక మిగిలేది ఆక్రిలిక్ ఒక్కటే. అందుకే అతుకు విడిపోవడానికి అక్కడ వేరే పొరంటూ ఉండదు. సన్నని సూది ఉన్న సిరంజితో చీలిక అంచున ఒక్క బొట్టు వదిలితే చాలు, ద్రవం తనంతట తానే చీలిక వెంట పాకుతుంది. అప్పటి వరకు వెలుతురులో తెల్లగా మెరుస్తున్న పగులు, ద్రవం చేరిన మేరకు కనుమరుగవుతుంది. ఎక్కడ తెల్లదనం మిగిలిందో అక్కడ అతుకు పడలేదని అర్థం. గాజు సిరంజి దొరికితే మేలు, ఎందుకంటే ప్లాస్టిక్ సిరంజిలోని రబ్బరు క్లోరోఫామ్‌కు ఉబ్బి బిగుసుకుపోతుంది.

చీలిక పైకొన దగ్గర 2 మి.మీ. రంధ్రం నెమ్మదిగా వేస్తే పగులు ఇక ముందుకు సాగదు. తరువాత రంధ్రం కూడా కప్పేలా బయటివైపు 3 మి.మీ. ఆక్రిలిక్ ముక్కను అదే క్లోరోఫామ్‌తో అతికించాలి. మన బోరు నీటికి అంచుల్లో పేరుకునే తెల్లటి ఉప్పు పొరను ముందుగా వెనిగర్‌తో తీసి, బాగా కడిగి ఆరబెట్టాలి. స్పిరిట్‌తో, థిన్నర్‌తో మాత్రం తుడవవద్దు. ఒత్తిడిలో ఉన్న ఆక్రిలిక్ వాటికి సన్నటి జాలీ పగుళ్లు తేలుతుంది.

రసాయనశాస్త్ర ఉపాధ్యాయురాలు, కర్నూలు:
పద్ధతి సరిగానే చెప్పారు, కాని ఇంట్లో ఎవరైనా చేసుకోవచ్చన్నట్టు చెప్పడం నాకు సమ్మతం కాదు. క్లోరోఫామ్ ఆవిరి కాలేయానికి హాని చేస్తుంది, క్యాన్సర్ కారకం కావచ్చునన్న అనుమానం కూడా ఉంది. దాని బదులు కొందరు వాడే డైక్లోరోమీథేన్ శరీరంలో కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. అది దాదాపు 40 డిగ్రీల వద్దే మరుగుతుంది. మే నెలలో మన మూడు ఊళ్లలోనూ మధ్యాహ్నం గాలి వేడి అంతకు మించుతుంది కనుక, అది సూది నుంచి చీలిక లోపలికి చేరేలోపే ఆవిరై గదిని నింపుతుంది. పిల్లలున్న ఇంట్లో, కిటికీ మూసి కూలర్ నడుస్తున్న గదిలో ఈ పని ఎవరూ చేయకూడదు.

మరొక మాట. 15 సెం.మీ. లోతు నీరు అడుగున కలిగించే ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు కేవలం 15 గ్రాముల బరువుతో సమానం. ఇంత స్వల్పమైన ఒత్తిడికి, పైన ఆక్రిలిక్ ముక్క వేసి సయనోఅక్రిలేట్ గమ్‌తో, అంటే ఇన్‌స్టంట్ గమ్‌తో, అతికిస్తే ఎందుకు చాలదు? సముద్రపు తొట్లు పెంచేవారు పగడపు ముక్కలను రాళ్లకు అతికించడానికి ఆ గమ్‌లోని జెల్ రకాన్నే వాడతారు, గట్టిపడ్డాక దాని వల్ల నీటికి హాని ఉండదు.

ఆక్రిలిక్ బోర్డుల పనివాడు, కడప:
మేడమ్, ఆవిరి గురించి మీరు చెప్పింది అక్షరాలా నిజం. మేమూ తెల్లవారుజామునే, వాకిట్లో గాలి తగిలే చోట చేస్తాము. క్లోరోఫామ్ 61 డిగ్రీల దాకా మరగదు కనుక మన ఎండలకు అదే కొంత నయం.

గమ్ విషయంలో మాత్రం ఒప్పుకోలేను. అతుకును తెంచేది నీటి ఒత్తిడి ఒక్కటే కాదు. మోటారు అదురు ఉంది, శుభ్రం చేసేటప్పుడు నీళ్లతో ఉన్న పెట్టెను ఒక అంచు పట్టి ఎత్తడం ఉంది. గమ్ గట్టిపడ్డాక పెళుసుగా ఉండి లాగుడుకు కొంత ఓర్చుకున్నా, వంపుకు పుటుక్కున విడిపోతుంది. నిత్యం నీటిలో ఉంటే దాని పట్టు కూడా తగ్గుతూ పోతుంది. పగడపు ముక్క ఊడితే మళ్లీ అతికిస్తారు, పెట్టె అతుకు రాత్రిపూట విడితే మోటారు తొట్టి నీటిని గదిలోకి తోడుతుంది. ఇక వేడి సంగతి: ఆక్రిలిక్ గాజు కంటే సుమారు ఎనిమిది రెట్లు సాగుతుంది. 30 సెం.మీ. ముక్క 15 డిగ్రీల తేడాకు 0.3 మి.మీ. పెరుగుతుంది. నీరు తగిలే భాగంలో ఇంత తేడా రాదు గాని, నీటికి పైన ఉండే అంచు రోజూ ఈ సాగుడుకు లోనవుతుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది, అనంతపురం అన్నగారు "ముందు చవకది రాసి చూద్దాం" అన్నారే, అది. సిలికాన్ ఒకసారి చీలికలోకి దిగితే, ఎంత గీకినా కంటికి కనబడని జిడ్డు మిగిలి, తరువాత ఏదీ అంటదు. గమ్ దిగి గట్టిపడితే చీలిక మూసుకుపోయి క్లోరోఫామ్ లోపలికి పాకదు. దుకాణానికి వచ్చే పగిలిన వస్తువుల్లో బాగుచేయలేనివి చాలావరకు ఇంట్లో ముందే ఏదో ఒకటి పూసి తెచ్చినవే. కాబట్టి ఇవి ఒకదాని తరువాత ఒకటి ప్రయత్నించదగినవి కావు. చీలిక శుభ్రంగా ఉన్నప్పుడే, మొదటిసారే, సరైనది ఎంచుకోవాలి.

చేపల తొట్టి, అనంతపురం:
సిలికాన్ ట్యూబు తెరవకుండా పక్కన పెట్టాను. రెండు సందేహాలు మిగిలాయి. పెట్టె నిజంగా ఆక్రిలిక్ అవునో కాదో ఎలా తెలుస్తుంది? పగిలిన చోట చిన్న ముక్క రాలిపోయి సందు ఉంటే ఏం చేయాలి?

ఆక్రిలిక్ బోర్డుల పనివాడు, కడప:
కనబడని మూలలో ఒక్క బొట్టు క్లోరోఫామ్ వేసి, గ్లవుజు వేసుకున్న వేలితో తాకండి. మెత్తబడి అంటుకుంటే అది ఆక్రిలిక్ అయినా, పాలీస్టైరీన్ వంటి మరొకటి అయినా ఈ పద్ధతి పని చేస్తుంది. ఏమీ కాకపోతే అది పాలీప్రొపైలీన్ అయి ఉండవచ్చు, దానికి మామూలు జిగురు ఏదీ సరిగా అంటదు, పెట్టె మార్చడమే దారి. సందు ఉన్నచోట పలుచటి క్లోరోఫామ్ నిలవదు. ఆక్రిలిక్ రంపపు పొడిని అందులో కరిగించి, చిక్కటి ద్రావణం చేసి నింపాలి.

రసాయనశాస్త్ర ఉపాధ్యాయురాలు, కర్నూలు:
అతుకులను వరుసగా ప్రయత్నించకూడదన్న వాదన బలమైనది, అడుగు చీలికకు క్లోరోఫామే సరి అని ఒప్పుకుంటున్నాను. అయితే ఆ పనిని బోర్డుల దుకాణంలో చేయించండి, ఇంటికి సీసా తెచ్చుకోవద్దు. నీటికి తగలని మూత కొక్కెం వంటి చోట్ల మాత్రం గమ్ చాలునని నేను ఇప్పటికీ అనుకుంటున్నాను. దుకాణం నుంచి తెచ్చాక రెండు రోజులు నీడలో ఆరనిచ్చి, వాసన పూర్తిగా పోయిన తరువాత, పెట్టెను పాత వార్తాపత్రిక మీద ఉంచి నీటితో నింపి ఒక రోజంతా వదిలేయండి. కాగితం పొడిగా ఉంటే ఆ నీటిని పారబోసి, మరొకసారి కడిగి తొట్టికి తగిలించండి.