9.9 తీసి 15 హెచ్‌పీ మోటారు వేయొచ్చా?

అన్నలూ, మాది గంజాం జిల్లా, గోపాల్‌పూర్ దగ్గర. 24 అడుగుల ఫైబర్ బోటు, 9.9 హెచ్‌పీ మోటారు. వెళ్లేటప్పుడు ఇబ్బంది లేదు. తడి వల, చేపల బరువుతో తిరిగొచ్చేటప్పుడే ఒడ్డు కెరటాల దగ్గర లాగలేకపోతోంది. పోయిన వారం వెనకనుంచి కెరటం తరుముకొచ్చి బోటు అడ్డం తిరిగింది. తమ్ముడు నీళ్లలో పడ్డాడు, దేవుడి దయవల్ల బతికాడు. అమ్మకి అప్పట్నుంచి ఒకటే టెన్షన్.

15 వేద్దామంటే, మోటారు బిగించే వెనక చెక్కలో బోల్టుల పక్కన వెంట్రుకంత చీలిక. వేలితో నొక్కితే నీరు ఊరుతోంది. పైన ఫైబర్ పూత చాలా, చెక్కే మార్చాలా? నాకైతే మార్చాలనే ఉంది. లేక పిచ్ (ఒక చుట్టుకి ముందుకు తోసే దూరం) తక్కువున్న ప్రొపెల్లర్ వేస్తే 9.9తోనే బరువు లాగుతుందా? ఇసుక ఒడ్డున బోటు దించేవాళ్లు చెప్పండి.